మద్దెల ఓడు, సర్వర్ స్లో

సైట్ ఆడిట్ రిపోర్టులో ఎర్ర అంకె కనబడగానే మా వృత్తిలో వినిపించే మొదటి మాట: "అపాచీ తీసేసి ఎన్జినెక్స్ పెడదామా?" ఏ సర్వర్ వేగమైందో ఒక్క అంకె తేల్చేస్తుందన్న నమ్మకం కొత్తదేం కాదు. 1999లో దీనిమీద పెద్ద గొడవే జరిగింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే సంస్థ ఒక పోలిక ప్రకటించింది. ఒకవైపు విండోస్ ఎన్టీ, దాని ఐఐఎస్ సర్వర్. మరోవైపు లినక్స్ మీద అపాచీ. యంత్రం ఒకటే: నాలుగు జియాన్ ప్రాసెసర్లు, నాలుగు నెట్‌వర్క్ కార్డులు ఉన్న డెల్ సర్వర్. వెబ్ పేజీలు అందించడంలో ఎన్టీ 3.7 రెట్లు వేగమని తేల్చారు. పరీక్షకి డబ్బు కట్టింది మైక్రోసాఫ్ట్.

లినక్స్ వాళ్ళు భగ్గుమన్నారు. మా వైపు సెట్టింగులు సరిగా చెయ్యలేదన్నారు. నాలుగు 100 మెగాబిట్ కార్డులు నిండేలా మారని ఫైళ్ళు పంపాల్సిన సైటు అసలెక్కడుందన్నారు. అప్పట్లో 1.5 మెగాబిట్ల టీ1 లైనుంటేనే గొప్ప కదా! రెండూ న్యాయమైన మాటలే. జూన్‌లో లినక్స్ నిపుణుల సమక్షంలోనే మళ్ళీ పరీక్ష పెట్టారు. లినక్స్ మెరుగుపడింది గానీ గెలవలేదు.

ఆడలేక మద్దెల ఓడు అంటాం. ఇక్కడ తమాషా ఏంటంటే మద్దెలా ఓడే, ఆటా సరిగా రాలేదు. లినక్స్ 2.2లో నెట్‌వర్క్ కోడ్ చాలా భాగం ఒకే పెద్ద తాళం కింద నడిచేది. ప్రాసెసర్లు నాలుగున్నా లోపలికి వెళ్ళేది ఒక్కటే, మిగతావి గుమ్మం దగ్గర పడిగాపులు. పైగా కొత్త పని ఒకటొస్తే నిద్రపోతున్న ప్రాసెస్‌లు గుంపుగా లేచేవి. పని దొరికేది ఒక్కదానికే. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నెల్ నాటికి ఇవి చాలావరకు సర్దుకున్నాయి. రిపోర్టుని తిట్టుకుంటూనే దాన్ని శ్రద్ధగా చదివినవాళ్ళు చేసిన పని అది.

అదే 1999లో డాన్ కెగెల్ ప్రశ్ననే మార్చాడు: ఒక్క యంత్రం ఒకేసారి పదివేలమందిని ఎందుకు చూసుకోలేదు? అపాచీ అప్పట్లో ప్రతి కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్‌ని కేటాయించేది. నెమ్మదైన మోడెమ్‌తో వచ్చినవాడు ఉన్నంతసేపూ అది వాడికే అంకితం. హోటల్లో బల్లకో సర్వర్‌ని నిలబెట్టినట్టు. రష్యాలో ఇగోర్ సిసోయెవ్ 2002లో మొదలుపెట్టి 2004లో విడుదల చేసిన ఎన్జినెక్స్‌లో కొద్దిమంది సర్వర్లే అన్ని బల్లలూ చూసుకుంటారు. ఎవరు పిలిస్తే అటు వెళ్తారు. తర్వాత అపాచీ కూడా ఇలాంటి పద్ధతి నేర్చుకుంది.

ఇక నేటి ఆడిట్. 2016లో గూగుల్ తెచ్చిన లైట్‌హౌస్ చూసేది సర్వర్ సత్తాని కాదు, తెర ముందున్న మనిషి నిరీక్షణని: పేజీలో పెద్ద బొమ్మ ఎప్పుడు కనబడింది, స్క్రిప్టులు ఎంతసేపు అడ్డుపడ్డాయి, అక్షరాలు ఎంత ఎగిరిపడ్డాయి. సర్వర్ జవాబు 600 మిల్లీసెకన్లు దాటితే హెచ్చరిస్తుంది గానీ, స్కోరులో దానికి విడిగా వాటా లేదు. మూడు మెగాబైట్ల ఫోటో పెట్టిన పేజీని ఏ సర్వర్ కాపాడుతుంది?

అందుకే సైట్ల సగటు స్కోర్లు తీసి సర్వర్ల పేర్ల పక్కన రాసే పట్టికలంటే నాకు అనుమానం. చవక షేర్డ్ హోస్టింగ్‌లో చాలాకాలం అపాచీదే రాజ్యం. అక్కడ పాత థీమ్‌తో, పాతిక ప్లగిన్లతో నడిచే సైటు పాపం అపాచీ ఖాతాలో పడుతుంది. ఆ పట్టిక చెప్పేది సర్వర్ సంగతి కాదు, దాన్ని ఎవరు వాడుతున్నారన్న సంగతి.

అలాగని అంకెని చెత్తబుట్టలో వెయ్యలేం. చవక ఫోన్ పట్టుకుని ఫీజు కట్టడానికో హాల్‌టికెట్ కోసమో ఎదురుచూసే మనిషికి ఆ ఎర్ర రంగు నిజమే. ప్రశ్న ఎవరు వేశారు, డబ్బు ఎవరు కట్టారు అని అడగాల్సిందే. అడిగాక, 1999లో లినక్స్ వాళ్ళు చేసినట్టు, మన తాళం ఎక్కడుందో కూడా వెతుక్కోవాలి.