యూఏఈలో ఉద్యోగం: సంతకానికి ముందు ఏం చూడాలి? తీసేస్తే ఏమేం రావాలి?

గల్ఫ్ ఉద్యోగం అనగానే అందరూ అడిగేది మొత్తం జీతం ఎంతని. కానీ ఉద్యోగం పోయిన రోజున లెక్కలోకి వచ్చేది కాంట్రాక్టులోని ‘బేసిక్’ జీతమే. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రైవేటు ఉద్యోగులకు ఇచ్చిన రక్షణలు ఇవీ..

వెళ్లే ముందు

నియామకం ఖర్చులన్నీ యజమానివే. వాటిని ఉద్యోగి నుంచి ఏ రూపంలోనూ వసూలు చేయకూడదు. మన దేశంలో రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అక్కడికి వెళ్లాక యజమాని మీ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదు.

ప్రొబేషన్ ఎంతకాలం?

6 నెలలు మించకూడదు. ఈలోగా తీసేయాలన్నా 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. మీరే అక్కడ మరో కంపెనీకి మారాలనుకుంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి.

పోటీ కంపెనీలో చేరొద్దని రాస్తే?

ఈ షరతు అందరికీ వర్తించదు. కంపెనీ ఖాతాదారులు, వ్యాపార రహస్యాలు తెలిసే ఉద్యోగాలకే పెట్టాలి. ఏ ప్రాంతం, ఏ పని, ఎంతకాలం అన్నది స్పష్టంగా ఉండాలి. గడువు 2 ఏళ్లు దాటకూడదు. చట్టవిరుద్ధంగా తీసేస్తే షరతు చెల్లదు.

తీసేస్తే ఏం రావాలి?

* కాంట్రాక్టు ప్రకారం 30 నుంచి 90 రోజుల నోటీసు. ఆ సమయంలో కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వారానికో రోజు జీతం లేని సెలవు.
* ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు.
* బకాయిలన్నీ 14 రోజుల్లో.

ఉదాహరణకు ఇద్దరి మొత్తం జీతం నెలకు 2,000 దిర్హాములే అనుకుందాం. బేసిక్ 1,200 ఉన్నవారికి నాలుగేళ్లకు వచ్చే గ్రాట్యుటీ 3,360 దిర్హాములు. బేసిక్ 1,800 ఉంటే 5,040. అందుకే అలవెన్సులు పెంచి బేసిక్ తగ్గించిన ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టే ముందు ఆలోచించుకోండి.

ఫిర్యాదు ఎక్కడ?

యూఏఈ మానవ వనరుల మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు చేయాలి. వివాదం 50 వేల దిర్హాముల లోపైతే ఆ శాఖే తేల్చేస్తుంది. భారతీయులు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లోనూ సాయం కోరవచ్చు. ఇళ్లలో పనిచేసేవారికి, దుబాయ్ డీఐఎఫ్‌సీ, అబుదాబి ఏడీజీఎం ప్రాంతాల్లోని ఉద్యోగులకు వేరే చట్టాలున్నాయి.

కాంట్రాక్టు, జీతం జమైన బ్యాంకు వివరాలు, తొలగింపు లేఖ.. ఈ మూడింటి కాపీలు ఫోన్‌లో ఉంచుకోండి. ‘బకాయిలన్నీ ముట్టాయి’ అన్న కాగితంపై డబ్బు చేతికి రాకుండా సంతకం చేయొద్దు.