సీసపు అక్షరాల నుంచి యూనికోడ్ దాకా

ఒకప్పుడు తెలుగు పుస్తకం రావాలంటే కంపోజిటర్ చెయ్యి పడాల్సిందే. అరల ముందు నిలబడి, తిరగేసి ఉండే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చేవాడు. గుణింతాలు, వత్తులున్న మన లిపికి ఇంగ్లీషుకన్నా ఎన్నో ఎక్కువ అరలు కావాలి. అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ విడదీసి మళ్లీ ఎక్కడివక్కడ వేయాలి. పేర్చిన పేజీలు విప్పేశాక రెండో ముద్రణ అంటే పని మళ్లీ మొదటికే!

1985లో ఆల్డస్ సంస్థ కంప్యూటర్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. తర్వాత దానికి ‘అను’ అనే తెలుగు ఫాంట్లు తోడై, తెలుగు డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) ఊరూరా పాకింది. సీసం మూలపడింది.

కానీ కొత్త చిక్కొకటి మొదలైంది. ఆ ఫాంట్లలో కొట్టిన పేజీ కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే. వెతకడానికి వీల్లేదు, ఈ-బుక్‌గా మార్చడం తలనొప్పి. ఈ చిక్కుకు విరుగుడు యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఇచ్చే పద్ధతి. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటుంది. అయినా మన ప్రచురణ రంగం ఏళ్ల తరబడి పాత ఫాంట్లనే పట్టుకు వేలాడింది. ఎన్నో మంచి పుస్తకాల ఫైళ్లు అలా అక్కరకు రాకుండా పోవడం నిజంగా బాధాకరం.

ఈ-పుస్తకాల సంగతికొస్తే, 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలయ్యాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. అప్పటికే కినిగె అనే వెబ్‌సైటు తెలుగు ఈ-పుస్తకాలు అమ్ముతుండేది. ఇక పాత పుస్తకాల స్కానింగులో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో వచ్చిన మిలియన్ బుక్ ప్రాజెక్టు చేసిన సేవ ఎంతో విలువైనది.