గేటు దగ్గర నిలబడిన తేలు: ఇంగ్లీషు మాడిఫయర్లు, తెలుగు చెవి

చెన్నై నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు ఉంది. ఆ పేరులోని కాలేజీ మాత్రం లేదు. ఈస్టిండియా కంపెనీ కుర్ర దొరలకు తెలుగు, తమిళం వగైరా నేర్పడానికి 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల అది. 1854లో మూతపడింది, పేరు రోడ్డుకు మిగిలింది. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ తెలుగు మొదలుపెట్టింది ఆ కళాశాలలోనే; 1820లో పరీక్ష గట్టెక్కి ఉద్యోగానికి వెళ్ళాడు. ఇప్పుడు అదే రోడ్డులో, డి.పి.ఐ. (విద్యాశాఖ) ప్రాంగణంలో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది. తమిళనాడు, పుదుచ్చేరితోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అభ్యర్థులు కూడా దీని కిందికే వస్తారు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు తెలుగు పరీక్షకు కుస్తీ పట్టిన రోడ్డు ఇది. ఇప్పుడు తెలుగువాళ్ళ ఇంగ్లీషు పరీక్షల వ్యవహారం అక్కడినుంచి నడుస్తోంది.

ఆ పరీక్షల్లో పేరున్నది కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్. మొదటి అంచెలో వంద ప్రశ్నలు, గంట సమయం. అందులో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు రాస్తే అర మార్కు కోత. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నలూ, గీత గీసిన ముక్కను బాగుచేయమనే ప్రశ్నలూ ఇందులో మామూలు. అభ్యర్థులను కాటేసే తప్పుల్లో ఒకటి మాడిఫయర్, అంటే మరో మాటకు విశేషణంగా నిలిచే ముక్క, ఉండాల్సిన చోట ఉండకపోవడం.

దీనికి మన దేశంలో అందరికీ తెలిసిన సాక్షి ఒక తేలు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదివినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోరు. గేటు దగ్గర ఎవరో నిలబడి ఉండగా తేలు కుట్టింది. కానీ వాక్యం అల్లిన తీరు చూస్తే గేటు దగ్గర నిలబడ్డది తేలే. ఈ పుస్తకం రాసిన ఇద్దరిలో పి.సి. రెన్ బొంబాయి ప్రాంత విద్యాశాఖలో పనిచేసినవాడు, 1924లో వచ్చిన 'బో జెస్ట్' నవలతో పేరు తెచ్చుకున్నవాడు. 1930ల్లో వెలువడిన వ్యాకరణాన్ని తరవాత తరాల కోసం సవరించింది ఎన్.డి.వి. ప్రసాదరావు. రెన్, మార్టిన్ పేర్లు తెలిసినంతగా ఆ పేరు జనానికి తెలియదు, అట్ట మీదే ఉన్నా.

తేలుకు తోడు పాము కూడా ఉంది. 'హామ్లెట్'లో చనిపోయిన రాజు దయ్యమై వచ్చి, తాను తోటలో నిద్రపోతుంటే పాము కరిచిందన్న కథ దేశంలో ప్రచారమైందని కొడుకుతో అంటాడు. ఆ మాటను షేక్‌స్పియర్ కూర్చిన తీరును నేటి పరీక్ష కొలబద్దతో కొలిస్తే నిద్రపోయింది పామే. ఆయన పరీక్షలు రాయనవసరం లేదు కాబట్టి బతికిపోయాడు.

కోచింగ్ సెంటర్లలో ఈ తప్పును అజాగ్రత్త ఖాతాలో వేస్తారు. తెలుగులోకి తిప్పి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. 'స్టేషన్‌కి నడుస్తుంటే వాన తడిపేసింది' అన్నది నిక్షేపం లాంటి తెలుగు వాక్యం. నడిచింది ఎవరో వాక్యంలో లేదు. ఉండక్కర్లేదు కూడా, 'తుంటే' అన్న రూపానికి కర్త వేరైనా, కనబడకపోయినా ఇబ్బంది లేదు. దీన్నే విద్యార్థి ఇంగ్లీషులో పెడతాడు: 'వాకింగ్ టు ది స్టేషన్, ది రెయిన్ డ్రెంచ్‌డ్ మీ.' కామా తరవాత మొదట కనిపించిన నామవాచకానికే ఇంగ్లీషు ఆ నడకను అంటగడుతుంది. నడిచింది వాన అయింది.

చిక్కు ఎక్కడుందంటే, ఇంగ్లీషు 'వాకింగ్'కు ఇక్కడ జోడీ 'నడుస్తుంటే' కాదు, 'నడుస్తూ'. బడి వ్యాకరణంలో శత్రర్థకం అనేది ఇదే. 'నడుస్తూ' అన్నాక, నడిచినవాడే తరవాతి పనీ చేయాలి. 'స్టేషన్‌కి నడుస్తూ వాన నన్ను తడిపేసింది' అని పైకి చదివితే పదో తరగతి పిల్లాడైనా నవ్వుతాడు. ఇంగ్లీషులో పట్టుకోలేని తప్పు తెలుగులో చెవికి తగిలింది. 'స్టేషన్‌కి నడుస్తూ నేను తడిసిపోయాను' అంటే ఎవరూ నవ్వరు. కాబట్టి కామాకు ముందున్న ముక్కను 'తూ'తోనో, 'వచ్చి', 'చూసి'లాంటి రూపంతోనో తెలుగు చేసి, కామా తరవాతి కర్తను అలాగే ఉంచి చదవాలి. అతికితే వాక్యం దాదాపుగా సరైనదే. 'తుంటే' పెడితే తప్ప అతకకపోతే రెండు దారులున్నాయి: కామా తరవాత 'ఐ'ని తెచ్చి కూర్చోబెట్టడం, లేదా ముందు ముక్కకు దాని కర్తను దానికే ఇచ్చి 'యాజ్ ఐ వాజ్ వాకింగ్' అనడం.

ఈ ఒకే కర్త నియమం రెన్ దొర తెచ్చిపెట్టింది కాదు. రెండు పనులకూ కర్త ఒక్కడే అయినప్పుడు ముందు జరిగిన పనిని చెప్పే ధాతువుకు క్త్వా ప్రత్యయం వస్తుందని పాణిని అష్టాధ్యాయిలో (3.4.21) విధించాడు. 'వచ్చి', 'చూసి' వంటివాటిని తెలుగు బడుల్లో క్త్వార్థకాలు అనడం ఆ పేరునుంచే. 'రవి ఊరికి వెళ్ళాడు, రవి మామిడిపళ్ళు తెచ్చాడు' అన్న రెండు వాక్యాలను ఒకటి చేయమనే సంక్లిష్ట వాక్యం లెక్క చేసిన ప్రతి పిల్లవాడికీ ఈ నియమం తెలుసు. ఇంగ్లీషు పీరియడ్‌లో ఆ సంగతి గుర్తుచేసేవాళ్ళే తక్కువ.

అయితే చెవిని పూర్తిగా నమ్మడానికి లేదు. 'వానలు కురిసి చెరువులు నిండాయి' అన్న వాక్యంలో కురిసినవి వేరు, నిండినవి వేరు; ఒకటి రెండోదానికి కారణం కావడంతో తెలుగు ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు కూడా ఒప్పుకుంటుంది గానీ, 'రెయిన్' అన్న కర్తను ముందు ముక్కలో పైకి చెప్పి తీరాలి. అటువైపు, 'కన్సిడరింగ్', 'జెనరలీ స్పీకింగ్' వంటివాటికి కర్త లేకపోయినా పాత వ్యాకరణాలే మాఫీ ఇచ్చాయి. వీటిని తప్పని గుర్తించి మార్కు పోగొట్టుకోకూడదు.

ఇంకో రకం తప్పు అరిటాకుల మీద దొరుకుతుంది. 'షి సర్వ్‌డ్ మీల్స్ టు ది గెస్ట్స్ ఆన్ బనానా లీవ్స్.' అతిథులు అరిటాకుల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నట్టుంది. తెలుగులో 'అతిథులకు అరిటాకుల్లో భోజనం పెట్టింది' అన్నా, 'అరిటాకుల్లో అతిథులకు' అన్నా ఎవరూ పొరబడరు. విభక్తి ఉన్న మాట తిన్నగా క్రియ దగ్గరికి పోతుంది. దాన్ని నామవాచకానికి కట్టాలంటే 'అరిటాకుల్లో ఉన్న' అని ప్రత్యేకంగా ముడి వేయాలి. ఇంగ్లీషులో ఆ 'ఉన్న' వినబడదు, పక్కనెవరుంటే వారికే ముడి పడుతుంది. ద్రావిడ భాషల్లో ఇంగ్లీషు 'హూ', 'విచ్' లాంటి సర్వనామాలకు బదులు 'వచ్చిన', 'ఉన్న' వంటి క్రియాజన్య విశేషణాలు నామవాచకానికి ముందే వస్తాయన్న సంగతిని కాల్డ్‌వెల్ 1856 నాటి తన ద్రావిడ భాషల వ్యాకరణంలో చర్చించాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1816లో, కాలేజీ రోడ్డు కళాశాల పర్యవేక్షక మండలికి చెందిన ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. తెలుగు, తమిళం ఒకే కుదురువని కంపెనీ ఉద్యోగి ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ వాదించిన టిప్పణం దాని ముందుమాటకు చేర్చిందే.

అమెరికా చదువులకు వెళ్ళేవాళ్ళకు ఈ గొడవ కొంత తగ్గింది. జీమ్యాట్‌లో మాడిఫయర్ ప్రశ్నలకు పుట్టినిల్లు లాంటి సెంటెన్స్ కరెక్షన్ విభాగం 2023 నవంబరులో వచ్చిన ఫోకస్ ఎడిషన్‌లో లేదు. డిజిటల్ శాట్ మాత్రం కామా తరవాత ఎవరు కూర్చోవాలని ఇప్పటికీ అడుగుతోంది.

ఇక 'ఓన్లీ' సంగతి. తెలుగులో 'ఏ' ఏ మాటకు తగిలిస్తే బరువు ఆ మాట మీదే: రాముడే నిన్న వచ్చాడు, రాముడు నిన్ననే వచ్చాడు. తమిళంలో 'దాన్' అదే పని చేస్తుంది. ఇంగ్లీషు 'ఓన్లీ' మాటల్లో ఎక్కడపడితే అక్కడ తిరుగుతుంది, పరీక్షలో మాత్రం తాను పట్టుకోవాల్సిన మాటకు ముందు నిలబడాలి. 'ఐ ఓన్లీ ఏట్ టూ ఇడ్లీస్' అని ఇంగ్లండులో అందరూ అంటారు. పరీక్షకు కావలసింది 'ఐ ఏట్ ఓన్లీ టూ ఇడ్లీస్.' టి.నగర్ కొట్లో 'ఫిక్స్‌డ్ ప్రైస్ ఓన్లీ సార్' అని వినబడే 'ఓన్లీ' ఈ రెండింటికీ చెందదు. అది మాట వెనకాల అతుక్కుంది, మన 'ఏ'లాగా, వాళ్ళ 'దాన్'లాగా. కొట్టువాడు తమిళుడు, కొనేవాడు నెల్లూరు మనిషి. ధర తగ్గదన్న విషయం ఇద్దరికీ అర్థమైపోయింది.