మూడో వారం
సిరంజిలో మందు దానిమ్మరసంలా ఉంది. పేరు డాక్సోరూబిసిన్. ఈ కుర్చీల్లోని ఆడవాళ్లకు మాత్రం అది ఎర్ర మందు. సిస్టర్ తొందరపడదు. కాస్త తోస్తుంది, ఆగుతుంది, సెలైన్ వదిలి నరం వైపు చూస్తుంది.

"మంటగా ఉంటే వెంటనే చెప్పాలమ్మా. ఓర్చుకోవద్దు."

మందు నరం దాటి బయటికొస్తే లోపలి కండ దెబ్బతింటుంది. బతుకంతా ఓర్చుకోవడమే నేర్చుకున్న మనిషికి ఆ మాట రెండుసార్లు చెప్పాల్సిందే.

మీరు ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చున్నారు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, టాటా మెమోరియల్ వాళ్లది. పొద్దున బస్సు కూర్మన్నపాలెం దగ్గర ఆగినప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ డ్యూటీ దిగినవాళ్లు టీ తాగుతున్నారు. బస్సు కదిలేదాకా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఉంది.

ఆవిడది పెదజాలారిపేట. 30 ఏళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. ఇప్పుడు పులుసు మరిగితే చాలు, కడుపులో తిప్పుతుంది. అందుకే తోటికోడలు పొయ్యి పెరట్లోకి మార్చేసింది.

"నోరంతా ఇనప రుచేనమ్మా. నీళ్లు తాగినా అదే."

ఎర్ర మందుకు 21 రోజులకోసారి రావాలి. మొదటి వారం వాంతులకూ నీరసానికీ పోతుంది. రెండో వారం తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరిగెత్తాలి. మూడో వారం నోటికి కాస్త రుచి తెలిసి, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకునేసరికి మళ్లీ తేదీ వచ్చేస్తుంది. ఆవిడ లెక్కలో బతికింది ఆ వారమే.

పక్క కుర్చీలో ఉక్కునగరం ఆవిడ. తలకు గుడ్డ సర్దుకుంటూ అంటుంది: "మేనకోడలి పెళ్లికి వెళ్లలేదక్కా. పూలు ఎక్కడ పెట్టుకోను?"

ఇలాంటివి అడగడానికి ఒక ప్రశ్నల పట్టిక ఉంది. బ్రస్సెల్స్‌లోని ఈఓఆర్‌టీసీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ తయారుచేసింది. 1993లో వచ్చిన పట్టికలో 30 ప్రశ్నలు, తర్వాత రొమ్ము క్యాన్సర్‌కని మరో 23. నిద్ర పట్టిందా, రుచి మారిందా, జుట్టు ఊడినందుకు బాధపడ్డారా, చెయ్యి ఎత్తగలుగుతున్నారా, ఎక్కువ ప్రశ్నలు గడిచిన వారం గురించే. రక్తపరీక్ష చేసిన ప్రతిసారీ, ఏ ఆస్పత్రిలోనైనా, ఇవీ అడిగి తీరాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అడిగితేనే వాంతులకు మందు మారుతుంది, నిద్రలేమికి దారి దొరుకుతుంది. అడక్కపోతే ఈవిడ "బాగానే ఉందమ్మా" అనేసి లేచిపోతుంది.

సెలైన్ అయిపోయింది. సూది కుడి చేతికే. ఎడమ చంకలో గడ్డలు తీశారు, ఆ చేతికి సూది గుచ్చరు. ఆవిడ నెమ్మదిగా లేచి గోడ దగ్గరికి నడుస్తుంది. ఎడమ చేతి వేళ్లను, నేర్పించినట్టే, గోడ మీద పైకి పాకిస్తుంది. భుజం దాటింది. చెవి దాకా వచ్చింది. అక్కడ పళ్లు బిగబట్టి ఆగింది.

"గంప ఎత్తాలంటే ఇంకెంతమ్మా?"

మీరు మీ చెయ్యి గోడకు ఆనించి చూపిస్తారు. జానెడు. ఆవిడ మళ్లీ వేళ్లు కదుపుతోంది.