ఓటీపీ చెప్పు బాబాయ్

మొన్న యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్‌లో పోసి రాశి కాడ కావలి ఉన్న. రాత్రి ఏడున్నరకు ఐపీఎల్ మొదలైంది, ఫోన్‌లో చూస్తున్న. అప్పుడే డల్లాస్ నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేసిండు. వానికి అక్కడ పొద్దున తొమ్మిది.

"బాబాయ్, నీ నంబర్‌కు ఓటీపీ వస్తది, జర చెప్పు."

చెప్పిన. వీపీఎన్ అని ఒకటి ఉంటదట, అది పెట్టుకుంటే డల్లాస్‌లో కూర్చున్నోడు కూడా యాప్‌కు ఇండియాలో ఉన్నట్టే కనబడతడట. "అక్కడ మీకు చూసే దారి లేదారా?" అంటే, విల్లో అని చానల్ ఉంది గానీ డాలర్లు కట్టాలె అన్నడు. "మరి ఇది దొంగతనం కాదా?" అని అడిగితే నవ్విండు. ఆ రాత్రి రాశి మీద పట్టా కప్పుకుంట ఆలోచించిన. ఆడేది ఒక్క ఆటే, మరి దేశానికో గేటు ఎందుకు పెట్టిండ్రు? దీని వెనక పెద్ద కథే ఉంది, తెలిసినంత రాస్తున్న.

మొదట్లో గేట్లు లేవు, ఎందుకంటే చూపించేటోడే లేడు. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ 175 కొట్టిండు గదా, ఆ రోజు అక్కడ టీవీ కెమెరాలే లేవు. ఆ ఇన్నింగ్స్ వీడియో నేటికీ ఎక్కడా లేదు. వారానికి జూన్ 25న లార్డ్స్‌లో ఫైనల్. అది దూరదర్శన్‌లో వచ్చింది గానీ, మా దిక్కు అప్పుడు టీవీ ఎవరింట్ల ఉంది? ఉన్న ఇద్దరు ముగ్గురి రేడియోల చుట్టే ఊరంతా కూర్చుండె.

అసలు లొల్లి 1993లో మొదలైంది. బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ పెట్టి, ప్రసార హక్కులు ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ కంపెనీకి అమ్మింది. దూరదర్శన్‌కు కోపమొచ్చింది. మీకు పైసా ఇచ్చేది లేదు, మేం చూపించాలంటే మీరే మ్యాచ్‌కు 5 లక్షలు కట్టాలె అన్నది! ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ కంపెనీ సామాన్లను బొంబాయిలో కస్టమ్స్ వాళ్లు ఆపిండ్రు. సర్కారు చేతిలో ఉన్న ఆయుధం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. సిగ్నల్ పంపే హక్కు నాది, ఇంకెవరికీ లేదు అనేది దాని వాదన.

ఆ కప్ సెమీఫైనల్ నవంబర్ 24న, ఈడెన్ గార్డెన్స్‌లో లైట్ల కింద. వానాకాలం కోతలు నడుస్తున్నయి. దక్షిణాఫ్రికాకు చివరి ఓవర్లో 6 పరుగులు కావాలె, మన అజారుద్దీన్ బంతిని సచిన్‌కు ఇచ్చిండు. కల్లం కాడ రేడియోకు చెవి ఆనించి విన్న. ఇచ్చింది మూడే, 2 పరుగులతో గెలిచినం. అదే సమయంలో దీని మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తున్నదని మాకు తెలియనే తెలియదు.

1995 ఫిబ్రవరి 9న తీర్పొచ్చింది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు గుత్త సొత్తు కాదు, అట్లని ప్రైవేటోళ్ల సొత్తూ కాదు అన్నరు. ఆ ముగ్గురు జడ్జీలలో ఒకరు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, మన హైదరాబాద్ హైకోర్టులో పనిచేసి పైకి పోయినాయన.

ప్రజల ఆస్తి అన్న మాట విన్నప్పుడల్లా నాకు మన ఎడమ కాలువ గుర్తుకొస్తది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ నీళ్లు వదిలిన నాటి నుంచి అది అందరిదే. కానీ తూము ఎవరి చేతిలో ఉందో వాళ్లదే రాజ్యం. హాలియా వాళ్లం పైన ఉన్నోళ్లం, మాకు ముందు పారతది. కింద కోదాడ దిక్కు రైతులు వారబందీలో తమ వంతు కోసం కండ్లు కాయలు కాసేలా చూసిన ఏండ్లున్నయి. ఆగలేనోళ్లు రాత్రి కాలువలో మోటార్లు దించుతరు. తప్పే. కానీ వాళ్లను దొంగలు అనడానికి నాకు నోరు రాదు.

తర్వాత ప్రైవేటు చానళ్లు వచ్చినయి, తూము వాళ్ల చేతికి పోయింది. 2007 జనవరిలో వెస్టిండీస్ మన దేశానికి వస్తే హక్కులున్న నింబస్ కంపెనీకి, దూరదర్శన్‌కు పేచీ పడింది. నింబస్ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు తాళం ఉండదు, ఆ సిగ్నల్ పక్క దేశాల గొడుగుల్లో కూడా పడతది, అక్కడ మేం అమ్ముకున్న హక్కుల గతేంది అన్నరు. పైనున్న ఉపగ్రహానికి సరిహద్దు తెలియదు గదా. మన డిష్ బాక్సులు గల్ఫ్‌కు సూట్‌కేసుల్లో పోయి పనిచేసింది కూడా ఇందుకే. చివరికి ఢిల్లీ హైకోర్టు ఏడు నిమిషాలు ఆలస్యంగా చూపించమన్నది. ఏడు నిమిషాల కింద అవుటైనోడు మన టీవీలో ఇంకా ఆడుతున్నడన్నమాట!

ఆ ఏడాదే చట్టం తెచ్చిండ్రు. దేశ జట్టు ఆడే ముఖ్యమైన ఆటల సిగ్నల్ దూరదర్శన్‌కు ఇవ్వాల్సిందే, ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకు. కానీ 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సిగ్నల్ యాంటెనాకు, ఫ్రీ డిష్‌కే తప్ప కేబుల్‌కు పోవద్దన్నది. అందుకే కేబుల్‌లో డీడీ పెడితే మ్యాచ్ బదులు ఇంకేదో నడుస్తది. మా పక్కింటాయన అది ఆపరేటర్ చేసిన మోసమని ఎన్నాళ్లు తిట్టిండో.

ఇక ఐపీఎల్. 2023 నుంచి 2027 దాకా హక్కులు మొత్తం 48,390 కోట్లు. టీవీ వేరు, ఫోన్ వేరు, విదేశాలు వేరు అని గుత్తకు పొలం కోసినట్టు ముక్కలు చేసి వేలం వేసిండ్రు. విదేశాల ముక్కకు వచ్చింది సుమారు 1,058 కోట్లు. లెక్కేసి చూసుకోండి, రూపాయిలో రెండు పైసల పైచిలుకు. మా వాడు దూకుతున్న గోడ విలువ అంత. 2023లో ఇక్కడ ఫోన్‌లో ఫ్రీగా చూపించిండ్రు, డల్లాస్‌లో ఉన్నోడు మాత్రం కట్టాలె.

అట్లని అన్ని దొంగ దారులూ ఒకటి కాదు. సిగ్నల్ కొట్టేసి, బెట్టింగ్ ప్రకటనలు పెట్టి లింకులు అమ్ముకునేటోడు వేరు. వాని పేరు తెలియదు కాబట్టి మన కోర్టులు అశోక్ కుమార్ అనే ఉత్తుత్తి పేరు మీద ఆర్డర్లు ఇస్తయి. ఇంటి ఆట కోసం బాబాయి ఓటీపీ అడిగే పిల్లగాడు వేరు. కానీ యాప్ షరతుల్లో ఇద్దరికీ కలిపి ఒకటే లైను రాసి ఉంటది.

ఫైనల్ నాడు మళ్లీ ఫోనొచ్చింది. ఈసారి "విల్లోకు నెల కట్టుకో, నేను పంపుత" అన్న. "నువ్వు రూపాయల్లో ఎంత పంపుతవ్ బాబాయ్" అని నవ్విండు. అప్పటికే మెసేజ్ వచ్చి ఉంది, ఆరు అంకెలు. చదివి చెప్పిన.