గోడ మీది గుడి నుంచి పెరట్లో స్టేషన్ దాకా

మీటర్‌గేజి దారిలో పట్టాకూ పట్టాకూ మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. దాన్ని 22.5తో భాగిస్తే 45కు కాస్త తక్కువగా వస్తుంది. 1968లో జర్మనీలోని లేమాన్ బొమ్మల కంపెనీ ఎల్‌జీబీ అనే పేరుతో తోటలో ఎండావానల్లో తిరిగే రైలును అమ్మకానికి తెచ్చినప్పుడు ఎంచుకున్న కొలతలు ఇవే: 45 మి.మీ. పట్టా, 1:22.5 నిష్పత్తి. వాళ్ళ మనసులో ఉన్నవి ఐరోపా కొండల్లోని సన్నదారి రైళ్ళు. కాని ఆ కొలతకు సరిగ్గా సరిపోయే దారి మన కర్నూలు సీమలోనూ ఒకటి ఉండేది. గుంతకల్లులో మొదలై డోన్, బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ చేరే మీటర్‌గేజి దారి అది.

పెరట్లో పట్టాలు పరచి, పక్కన స్టేషను, గూడ్స్ షెడ్డు, గేటుమనిషి ఇల్లు నిలబెట్టుకోవడం ఒక సరదా. వాటిని కిట్టు కొని అతికించకుండా రాయి, చెక్క, సిమెంటు తెచ్చి సొంతంగా కట్టుకుంటే దాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. పేరు పరాయిదే. ఉన్న కట్టడాన్ని కొలత తప్పకుండా చిన్నది చేసే విద్య మాత్రం తెలుగు నేల మీద రెండు వేల ఏళ్ళుగా సాగుతోంది. ఆ దారిని ఒకసారి వెనక్కి నడిచి చూస్తే, చిన్న కట్టడం ఎందుకు పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

స్తూపం మీద స్తూపం

అమరావతి మహాస్తూపం ఈనాడు ఒక మట్టిదిబ్బ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ చూసేనాటికే స్థానికులు ఇటుకలూ రాళ్ళూ తవ్వుకుపోతున్నారు. అయినా ఆ స్తూపం నిండు రూపంలో ఎలా ఉండేదో మనకు తెలుసు. ఎలాగంటే, స్తూపాన్ని చుట్టి నిలిపిన సున్నపురాతి పలకల మీద శిల్పులు ఆ స్తూపాన్నే చిన్నదిగా చెక్కారు. ప్రాకారం, ద్వారాల దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు, పైన గొడుగులు అన్నీ మనిషి ఎత్తు పలకలో ఒదిగాయి. పండితులు మహాస్తూపాన్ని కాగితం మీద మళ్ళీ కట్టింది ఈ చిన్న బొమ్మలను ఆధారం చేసుకునే. అసలు కూలిపోయింది, నమూనా సాక్ష్యం చెప్పింది. ఈ కథలో ఇది మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే సంగతి.

కూటం, శాల, పంజరం

గుడి కట్టేవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. కర్నూలుకు తుంగభద్ర అవతల ఉన్న అలంపురంలో 7, 8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. వాటి శిఖరాల అంచులను కింది నుంచి పైకి చూసుకుంటూ పొండి. కొసన ఉండే పెద్ద ఉసిరికాయ ఆకారం, ఆమలకం, ప్రతి అంతస్తు మూలలోనూ చిన్నదై కనిపిస్తుంది. గోడల్లోని గూళ్ళ మీద కూడా బుల్లి శిఖరాల రూపాలే. గుడి తన ఒంటి మీద తన బొమ్మలనే తొడుక్కున్నట్టు ఉంటుంది.

ద్రావిడ పద్ధతిలో ఈ ఆటకు పేర్లు కూడా ఉన్నాయి. విమానం మీద, గోపురం మీద వరసగా పేర్చిన బుల్లి గుళ్ళ దండను హారం అంటారు. అందులో మూలన చదరంగా ఉండేది కూటం, మధ్యలో బండిగూడు లాంటి కప్పుతో పొడుగ్గా ఉండేది శాల, వాటి నడుమ ముఖం మాత్రమే కనిపించే గూడు పంజరం. కడప జిల్లాలో ఒంటిమిట్ట కోదండరాముడి గోపురాల ముందు గానీ, గండికోట మాధవరాయ ఆలయం గోపురం ముందు గానీ నిలబడి చూస్తే ఒక్కో అంతస్తూ కింది అంతస్తుకు తగ్గించిన నకలని తెలిసిపోతుంది. ఆ తగ్గింపు లెక్క ప్రకారం జరిగింది కాబట్టే గోపురం ఉన్నదానికన్నా ఎత్తుగా కంటికి తోస్తుంది.

విగ్రహాలకూ ఇలాంటి లెక్క ఉంది, దాని పేరు తాళమానం. ముఖం పొడవు ఒక తాళం, విగ్రహం ఎత్తు ఇన్ని తాళాలు అని శిల్పి ముందే కట్టుకుంటాడు. విగ్రహం మూరెడైనా నిలువెత్తుదైనా తాళాల సంఖ్య మారదు. ఈనాటి మోడలర్ వాడే స్కేలుకు అసలు రహస్యం ఇదే. పరిమాణం మారాలి, పాళ్ళు మారకూడదు.

కడప సరిహద్దు దాటగానే వచ్చే తాడిపత్రిలో, చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం ఉంది. ఊరేగింపు రథమే నడిచే గుడికి నమూనా. ఆ కొయ్య రథానికి మళ్ళీ రాతిలో చేసిన నమూనా ఇది. నకలుకు నకలు తీసి, చక్రాలు సహా చెక్కిన చెయ్యి అది.

వెదురు, కాగితం, అట్టపెట్టె

రాతి పని శిల్పులదైతే, ఇంటి మనుషుల చేతిలో ఈ విద్య తేలిక సరుకుతో బతికింది. దక్కన్‌లో మొహర్రం నాళ్ళలో కట్టే తాబూతు కర్బలాలోని హుస్సేన్ సమాధి మందిరానికి నమూనా. వెదురు బద్దల చట్రం, రంగు కాగితాల గోడలు, పైన గుమ్మటం. కొద్దిరోజులు నిలిచే కట్టడమైనా మూలలు కలవకపోతే గుమ్మటం కూర్చోదు. డిసెంబరులో చర్చి ముందు కట్టే పశువుల పాక కూడా ఈ కోవలోదే.

బొమ్మల కొలువు మన తోటరైలుకు మరీ దగ్గరి చుట్టం. మెట్ల మీద దేవుళ్ళను పెట్టాక, కింద నేల పిల్లల సొంతం. రాగులు మొలకెత్తిస్తే అది పొలం. అద్దం ముక్క పెడితే చెరువు. అగ్గిపెట్టెలు, అట్టపెట్టెలు కత్తిరించి ఇళ్ళు, వాటి మధ్య కీ ఇస్తే గుండ్రంగా తిరిగే రేకు రైలు. కొండపల్లి బొమ్మల్లో పూరిల్లూ ఎడ్లబండీ ఉంటే ఊరు నిండుగా ఉన్నట్టే. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికే ఆ బొమ్మలు చేతికి తేలిక, కంటికి కళ. పాత కడప జిల్లాలో రైల్వే కోడూరు పక్కనే ఉన్న శెట్టిగుంటలో ఎర్రచందనంతో బొమ్మలు చేస్తారు. రైలు పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్న ఊరి పక్కన బొమ్మల పని సాగడం ఈ కథకు బాగా కుదిరింది.

అయితే కొలువులో స్కేలు లేదు. రైలు కన్నా ఆవు పెద్దదిగా, ఇంటి కన్నా పోలీసు బొమ్మ పొడుగ్గా ఉంటుంది. అక్కడ ఎవరూ దాన్ని తప్పు పట్టరు. కొలత మళ్ళీ ఈ కథలోకి వచ్చింది రైలుతోనే.

రెండు పట్టాలు, రెండు కొలతలు

1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక భూములను గొలుసులతో కొలవడం మొదలైంది. ఆ శతాబ్దంలోనే పట్టాలు వచ్చాయి. మద్రాసు రైల్వే బ్రాడ్‌గేజి దారి కోడూరు, నందలూరు, కడప, ఎర్రగుంట్ల, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో సదరన్ మరాఠా రైల్వే మీటర్‌గేజి దారి నంద్యాల మీదుగా బెజవాడకు పోయింది. నల్లమలలో బొగడ సొరంగం, దొరబావి వంతెన దాని కోసం కట్టినవే.

మోడల్ కట్టేవాడికి ఈ తేడా చాలా ముఖ్యం. చేతిలో ఉన్నది 45 మి.మీ. పట్టా అనుకుందాం. దాని మీద నంద్యాల మీటర్‌గేజిని చూపాలంటే నిష్పత్తి 1:22.5. ఏడడుగుల తలుపు 95 మి.మీ. ఎత్తు వస్తుంది. అదే పట్టా మీద కడప బ్రాడ్‌గేజిని చూపాలంటే 1676 మి.మీ. దూరాన్ని 45లోకి కుదించాలి, అంటే నిష్పత్తి 1:37 దాకా పోవాలి. అప్పుడు ఆ తలుపు 57 మి.మీ. మాత్రమే. పట్టా ఒకటే, స్టేషన్లు మాత్రం ఒకటిన్నర రెట్లకు పైగా తేడా. ఈ లెక్క వేసుకోకుండా కట్టిన తోటలో ఇంజను గుమ్మంలో పట్టదు, లేదా ప్యాసింజర్ కిటికీకి అందడు.

విదేశాల్లో ఈ క్రమశిక్షణ మెల్లగా వచ్చింది. 1891లో మార్క్లిన్ కంపెనీ లైప్జిగ్ సంతలో బొమ్మ పట్టాలకు ప్రమాణ కొలతలు పెట్టింది. 1929లో ఇంగ్లండులోని బెకన్స్‌ఫీల్డ్‌లో రోలండ్ క్యాలింగమ్ అనే అకౌంటెంటు తన తోటలో కట్టించిన బెకన్‌స్కాట్ బుల్లి ఊరిని జనం చూడటానికి తెరిచారు. 1952లో హేగ్‌లో 1:25 కొలతతో మదురోడామ్ అనే బుల్లి నగరం వచ్చింది. 1946లో మొదలైన ఫాలర్ కంపెనీ ఇళ్ళను కిట్లుగా అమ్మి పని సులువు చేసింది. మన దేశంలో 1998లో పుణెలో భావూసాహెబ్ జోషి తన బుల్లి రైళ్ళ ఊరిని మ్యూజియంగా తెరిచారు.

కిట్లతో మనకొచ్చే చిక్కు ఒకటుంది. జర్మనీ కిట్టులో ఇంటికి మంచు జారే ఏటవాలు కప్పు ఉంటుంది. మన సీమలో మిద్దె చదును. దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, పైన చవుడు మట్టి, వెలుతురుకు గవాక్షి, ముందు అరుగు. ఈ మిద్దె ఏ కిట్టులోనూ దొరకదు. అందుకే రాయలసీమ తోటరైలుకు స్క్రాచ్ బిల్డింగ్ సరదాగా మొదలైనా చివరికి అవసరమే అవుతుంది.

నాపరాయికి పరీక్ష

మరి సరుకు? ఎండలో ప్లాస్టిక్ షీటు మెలి తిరుగుతుంది. మెత్తని చెక్కను చెదలు వదలవు. అట్ట ఒక్క వానకు సరి. ఈ నేల తన సరుకు తానే ఇచ్చింది. విలియం కింగ్ 1872లో అచ్చువేసిన భూగర్భ నివేదికలో కడప, కర్నూలు శిలలకు పేర్లు పెట్టాడు. తర్వాత స్థిరపడిన పేర్ల పట్టిక చదివితే ఊళ్ళ పట్టికలా ఉంటుంది: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. ఇందులో నార్జి సున్నపురాయే మనం నాపరాయి అనేది. సన్నని రేణువు, పొరలుగా విడే గుణం దీని సొత్తు.

మోడలర్‌కు రేణువు సంగతి ప్రాణం. ఇంటిని చిన్నది చేయగలం గానీ రాతి రేణువును చిన్నది చేయలేం. గరుకు గ్రానైటు ముక్కతో కట్టిన చిన్న గోడ ముక్క గ్రానైటులాగే ఉంటుంది తప్ప గోడలా కనిపించదు. నాపరాయి మాత్రం దగ్గరి నుంచి చూసినా మోసం బయటపెట్టదు. అడుగు పొడవు రాయి 1:22.5లో పదమూడున్నర మిల్లీమీటర్లు. ఆ సైజు ముక్కలు బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర వ్యర్థంగా పడి ఉంటాయి. పైకప్పు బండ దగ్గరే కష్టం. అంగుళం మందం బండను తగ్గిస్తే మిల్లీమీటరు చిల్లర, అంత పలుచగా రాయి విడదు. అక్కడ జల్లించిన ఇసుకతో సన్నని సిమెంటు పలక పోసుకోవాలి. తలుపులకు, దూలాలకు చేవ ఉన్న కర్ర వాడాలి. గూళ్ళు, కమ్ములు లాంటి నగిషీకి డోన్, బేతంచెర్ల ప్రాంతంలో దొరికే బలపపు రాయి మంచిది, మామూలు కత్తికే లొంగుతుంది. రాతిని వరసల్లో పేర్చే పద్ధతి కోసం పుస్తకం వెతకనక్కర్లేదు. ఏ ఊళ్ళోనైనా పాత మిద్దె గోడ ముందు నిలబడి, మూలరాయి ఎటు తిరిగిందో చూసుకుంటే చాలు.

పోయేదాన్ని నిలపడం

గత శతాబ్దంలో నమూనాకు ఇంకో బాధ్యత వచ్చిపడింది. నాగార్జునసాగర్ నీళ్ళలో నాగార్జునకొండ లోయ మునిగేముందు పురావస్తు శాఖ కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ మార్చింది. మునిగిన లోయ రూపాన్ని అక్కడి మ్యూజియంలో చిన్న నమూనాగా నిలిపింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు దగ్గరి జగన్నాథగట్టుకు చేరింది. సప్తనదుల సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండి, నీళ్ళు తగ్గిన నెలల్లోనే దర్శనమిస్తుంది. విప్పి మళ్ళీ కట్టాలంటే ముందు ప్రతి రాయినీ కొలవాలి, గీయాలి. కొలతలు భద్రంగా ఉన్నంత కాలం కట్టడం చావదు.

రైలు కట్టడాలకు ఆ భాగ్యం దక్కలేదు. 1990ల్లో నంద్యాల దారి బ్రాడ్‌గేజి అయింది. మీటర్‌గేజి పట్టాలు పోయాయి, దొరబావి వంతెన అడవిలో ఒంటరిగా మిగిలింది. నందలూరులో ఆవిరి ఇంజన్ల షెడ్డు సందడి ఆవిరితోపాటే పోయింది. సెమాఫోర్ సిగ్నళ్ళ చేతులు, నీళ్ళ ట్యాంకులు, కేబిన్లు, గ్యాంగు గుడిసెలు ఒక్కొక్కటిగా లెక్కలోంచి జారిపోయాయి. 2016లో ఎర్రగుంట్ల–నంద్యాల కొత్త దారి తెరుచుకుని కడపనూ నంద్యాలనూ నేరుగా కలిపింది. సంతోషించవలసిందే. కాని పాత దారిలో పోయినవాటికి శిల్పులు పలక చెక్కలేదు, పురావస్తు శాఖ రాళ్ళు లెక్కపెట్టలేదు.

ఆ పని ఇప్పుడు ఇంటివాళ్ళే చేయాలి. మీ తాతో మేనమామో ఆ దారిలో గ్యాంగుమనిషిగానో గేటుమనిషిగానో పనిచేసి ఉంటే, ఆయన ఉన్న ఇల్లు ఇంకా నిలబడి ఉంటే, ఒక ఆదివారం టేపూ నోటుబుక్కూ పట్టుకుని పొండి. తలుపు ఎత్తు, గోడ మందం, వరసకు ఎన్ని రాళ్ళో రాసుకోండి. పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఫొటో తీయండి, టేపు అందని ఎత్తులకు ఆ మనిషే కొలబద్ద. ఆ అంకెలన్నిటినీ 22.5తో భాగించే పని తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. కొలిచే పనికి మాత్రం ఆలస్యం పనికిరాదు.