తగిన కారణం

మా అవ్వకు వారంలో మూడు ఒక్కపొద్దులు ఉండేవి. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకటేశ్వరస్వామికి. కార్తీకం వస్తే నెలంతా. ఆ రోజుల్లో ఆమె రాత్రిపూట పడసాలలో చాప పరుచుకుని పడుకునేది. అవ్వ గొప్ప భక్తురాలని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. కాదని ఇప్పుడూ అనను. నా పెళ్లయిన మూడో నాలుగో ఏట, కడపలో ఇద్దరమే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, ఏ సందర్భంలోనో ఆమె అన్న మాట ఒకటి మాత్రం నన్ను ఇంతవరకూ వదల్లేదు. "ఒద్దంటే ఎందుకొద్దని అడుగుతారమ్మీ. ఒక్కపొద్దంటే ఎవురూ అడగరు."

అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడిపోయింది. నేను అడగవలసినవి చాలా ఉన్నాయి, అడగలేదు. స్త్రీల రచనల్లో లైంగికత గురించి పరిశోధన చేస్తూ పుస్తకాల్లో పేజీలకు పేజీలు గీతలు గీసుకుంటున్న రోజులవి. ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగడానికి సిగ్గుపడ్డాను.

తర్వాత చుట్టూ ఉన్న ఆడవాళ్ల మాటలు వేరేగా వినపడడం మొదలైంది. ఆషాఢానికి పుట్టింటికి పోవడం, పురిటికి ముందూ వెనకా నెలల తరబడి అమ్మ దగ్గర ఉండిపోవడం, నడిమధ్యన పిల్లవాణ్ణి పడుకోబెట్టుకోవడం, మనవడు పుట్టాక "ఇంకేం వయసు" అని మంచం హాల్లోకి మార్చేసుకోవడం, తలనొప్పి, నడుంనొప్పి. ఇవన్నీ దొంగ సాకులని నేననడం లేదు. చాలావరకు నిజమైన నొప్పులే. కానీ ఇద్దరి కోరిక ఒక్క తూకంలో ఉండని కాపురాల్లో ఈ ఆచారాలూ నొప్పులూ చేసిన పని ఒకటుంది. 'నాకిప్పుడు ఇష్టం లేదు' అనే మాట ఎవరూ అననక్కర్లేకుండా, ఎవరూ విననక్కర్లేకుండా రోజులు గడిపాయి. స్త్రీలు కారణాలను పచ్చళ్లలా ఏడాదికి సరిపడా పెట్టి ఉంచుకున్నారు.

ఎందుకంటే కారణం లేని 'వద్దు'కి విలువ లేదు. ఈ నియమం మా అవ్వ ఇంట్లోనే కాదు, మన చట్టంలోనూ ఉంది. 1955 హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం భార్యాభర్తల్లో ఒకరు 'తగిన కారణం లేకుండా' రెండో వారి సాహచర్యం నుంచి తప్పుకుంటే, ఆ రెండోవారు కోర్టుకు వెళ్లి కాపురానికి రమ్మని డిక్రీ తెచ్చుకోవచ్చు. 1976లో ఈ సెక్షన్‌కు ఒక వివరణ కలిపారు. తప్పుకున్నవారే ఆ కారణం తగినదని రుజువు చేసుకోవాలి. అంటే వద్దన్న మనిషే బోనెక్కాలి.

దీన్ని మన ప్రాచీన సంప్రదాయం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ధర్మశాస్త్రాలు దాంపత్యాన్ని విధిగానే చూశాయి, నిజమే. ఋతుకాలంలో భార్యను చేరడం భర్త బాధ్యత అన్నాయి. అక్కడ లెక్కలోకి వచ్చింది సంతానం, కోరిక కాదు. అది వేరే సంగతి. కానీ కోర్టుకెక్కి భార్యను తెప్పించుకునే ఈ దావా ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చింది. వలసపాలనలో మన కోర్టుల్లోకి దిగింది, 1867లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని స్థిరపరిచింది. ఇంగ్లండు 1970లో తన చట్టంలోంచి తీసేసింది. మనం మాత్రం మన కుటుంబ విలువ పేరుతో కాపాడుకుంటూ వస్తున్నాం.

రుఖ్మాబాయి కథ మనలో చాలామందికి తెలుసు కాబట్టి టూకీగా చెబుతాను. పదకొండేళ్లకు దాదాజీ భికాజీతో పెళ్లయింది. కాపురానికి వెళ్లలేదు. 1884లో అతను బొంబాయి హైకోర్టులో దావా వేశాడు. 1885 సెప్టెంబరులో జస్టిస్ పిన్‌హే ఆమె పక్షాన తీర్పిచ్చారు, అప్పీలులో అది తిరగబడింది. 1887 మార్చిలో జస్టిస్ ఫారన్ భర్త దగ్గరికి వెళ్లమని, లేదంటే ఆరు నెలలు జైలని అన్నారు. జైలుకే వెళ్తానంది. చివరికి 1888లో దాదాజీకి 2,000 రూపాయలిచ్చి రాజీ చేసుకున్నారు. ఆమె లండన్ వెళ్లి వైద్యం చదువుకుని వచ్చి సూరత్‌లో, రాజ్‌కోట్‌లో డాక్టరుగా పనిచేసింది.

ఈ కేసులో నన్ను ఆపేది జైలు మాట కాదు. ఆమె తరఫున కోర్టు ముందు పెట్టిన కారణాలు. భర్త పోషించలేడు, అతనికి ఉబ్బసం, క్షయ లక్షణాలున్నాయి, అతను ఎవరి పంచన ఉంటున్నాడో ఆ మనిషి నడత మంచిది కాదు. అన్నీ నిజమే కావచ్చు. కానీ అంతటి రుఖ్మాబాయికి కూడా 'నాకు ఇష్టం లేదు' అన్న వాక్యం ఒక్కటే సరిపోలేదు. దానికి ఉబ్బసాన్ని తోడు తెచ్చుకోవలసి వచ్చింది. మా అవ్వ వెంకటేశ్వరస్వామిని తెచ్చుకున్నట్టు.

ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు, 1983 జులై 1న, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఒక తీర్పు ఇచ్చారు. 'సరిత - వెంకట సుబ్బయ్య' కేసు. తెలుగు, తమిళ సినిమాల్లో పేరు తెచ్చుకున్న నటి సరితకు 1975 డిసెంబరులో, పదహారేళ్ల వయసులో, హైస్కూలు చదువుతుండగా తిరుపతిలో పెళ్లయింది. దాదాపు వెంటనే విడిపోయారు. ఐదేళ్లకు పైగా గడిచాక కాపురానికి పంపించమని భర్త కడప సబ్‌కోర్టులో పిటిషన్ వేశాడు. ఈ పిటిషన్ వినే పరిధి కడప కోర్టుకు లేదన్నది ఆమె మొదటి అభ్యంతరం. అది చెల్లక హైకోర్టుకు వెళ్లినప్పుడు అసలు తొమ్మిదో సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని వాదించారు. కోర్టు పరిధి గురించిన చిన్న తగాదా అలా దేశంలోనే పెద్ద ప్రశ్నయింది. అవ్వ ఉన్న ఊళ్లోనే మొదలైన ఈ కేసు గురించి నేను చదివింది హైదరాబాదులో, పిహెచ్.డి. చివరి ఏడాదిలో.

ఆ తీర్పు ఇప్పటికీ చదవదగిన పాఠ్యమే. కాపురం చెయ్యమని ఆదేశించడమంటే చివరికి శరీరాన్ని ఇమ్మని ఆదేశించడమేనని చౌదరి దాపరికం లేకుండా రాశారు. తన దేహాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా తాకాలన్న నిర్ణయం ఆ మనిషి చేతిలోంచి రాజ్యం చేతిలోకి పోతుందన్నారు. వ్యక్తిగత గోప్యతను 21వ అధికరణం కిందికి తెచ్చారు. సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో దాన్ని ప్రాథమిక హక్కుగా ఖరారు చెయ్యడానికి 2017 దాకా పట్టింది. పైకి ఈ సెక్షన్ భార్యకూ భర్తకూ సమానమే కదా అన్న వాదననూ ఆయన వదల్లేదు. ఇష్టం లేని కలయిక వల్ల గర్భం మోసేది ఒక్కరే అయినప్పుడు అది ఏ సమానత్వమని అడిగారు. అందులోనే 'అన్నా సాహెబ్ - తారాబాయి' అనే మధ్యప్రదేశ్ హైకోర్టు కేసు ప్రస్తావన ఉంది. భార్యకు భర్త అంటే ఇష్టం లేకపోవడం ఒక్కటే కారణమైతే అది కారణం కిందికి రాదని ఆ కోర్టు తేల్చింది. డిక్రీ తర్వాత తారాబాయి ఏమై ఉంటుందో ఊహకే వదిలేశారు చౌదరి. ఆ చోట ప్రతిసారీ పేజీ మూసి కాసేపు కూర్చుంటాను.

ఆ తీర్పు ఎక్కువకాలం నిలవలేదు. 1983 నవంబరులో ఢిల్లీ హైకోర్టు జస్టిస్ అవధ్ బిహారీ రోహత్గీ, ఇంటి ఏకాంతంలోకి రాజ్యాంగాన్ని తేవడం గాజుసామాను కొట్లోకి ఆంబోతును తోలినట్టని పోల్చారు. కాపురమంటే లైంగిక సంబంధం ఒక్కటే కాదని కూడా అన్నారు. ఆ రెండో మాటతో ఎవరికీ పేచీ లేదు. కానీ అది లేకుండా కాపురానికి రమ్మని ఏ డిక్రీ అయినా చెప్పగలదా? 1984 ఆగస్టులో 'సరోజ్ రాణి' కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ పక్షం వహించింది. ఆ కేసులో దావా వేసింది భార్య, ఇంట్లోంచి వెళ్లగొట్టబడిన భార్య. భర్త ఒప్పుకుని డిక్రీ రానిచ్చాడు. ఏడాదయ్యాక, కలిసి ఉండలేదు కాబట్టి విడాకులివ్వమని ఆ డిక్రీనే చేతబట్టుకుని వచ్చాడు. ఇచ్చారు. పెళ్లిని నిలబెట్టే సాధనమని కోర్టు ఏ సెక్షన్‌ను కాపాడిందో, అదే సెక్షన్‌తో ఆ పెళ్లి కూలింది.

2007లో 'సమర్ ఘోష్' కేసులో మానసిక క్రూరత్వానికి ఉదాహరణలు చెబుతూ సుప్రీంకోర్టు, శారీరక అసమర్థత గానీ తగిన కారణం గానీ లేకుండా చాలాకాలం ఏకపక్షంగా కలయికను నిరాకరించడం కూడా క్రూరత్వం కావచ్చని చెప్పింది. మళ్లీ అదే మాట, తగిన కారణం. 2022లో భార్యపై అత్యాచారం గురించి ఢిల్లీ హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో వైపు తీర్పు ఇచ్చారు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత భర్తకున్న పాత మినహాయింపును అలాగే ఉంచింది, భార్య పద్దెనిమిదేళ్లు దాటి ఉంటే చాలు.

ఇక్కడి వరకూ రాయడం నాకు తేలిక. ఇలాంటి వ్యాసాలు ఇదివరకూ రాశాను. సెమినార్లలో చదివాను. పితృస్వామ్యం ఎక్కడుందో వేలుపెట్టి చూపించాను, అది ఎప్పుడూ ఎదుటివైపే ఉంది. ఇకపై రాసేదానికి నా సహచరుడి అనుమతి తీసుకున్నాను. ఒక వాక్యం తీసెయ్యమన్నాడు, తీసేశాను.

మా పెళ్లయి పదమూడేళ్లు. గత మూడేళ్లుగా మా ఇంట్లో వద్దంటున్నది నేను కాదు, అతను. తెలుగులో దీనికి మాటే లేదు. ఆడది ఎక్కువ కోరుకుంటే తిట్లున్నాయి, మగవాడు తక్కువ కోరుకుంటే వెక్కిరింతలున్నాయి. ఇద్దరినీ కలిపి మామూలుగా చెప్పే మాట లేదు. మన విమర్శలో స్త్రీ కోరిక అనగానే ముద్దుపళని దగ్గరికి వెళ్తాం. నాగరత్నమ్మ 1910లో 'రాధికా సాంత్వనము' ప్రచురించడం, ప్రభుత్వం నిషేధించడం, ప్రకాశం పంతులు నిషేధం ఎత్తెయ్యడం, అన్నీ చెప్పుకుంటాం. ఆ ధైర్యాన్ని మెచ్చుకునే తొందరలో నేనూ ఒకటి గమనించలేదు. ఇళను తానే పెంచి, తానే కృష్ణుడికిచ్చి పెళ్లి చేసిన రాధ, తన మీద ధ్యాస తగ్గినవాడి కోసం ఎదురుచూస్తూ ఉడికిపోయే భాగం ఎంత ఉందో. అక్కడ కోరిక ధిక్కారం కాదు, అవమానం.

నేను ఆ అవమానంతో ఏం చేశానంటే, కారణం అడిగాను. మొదట మెల్లగా, తర్వాత రోజూ. ఆఫీసా? ఇంకెవరైనానా? నా ఒళ్లా? ఏమీ లేదంటే నమ్మలేదు. షుగరు, థైరాయిడ్, ఇంకేవో హార్మోన్ పరీక్షలు చేయించాను. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాయి. భర్త ఆరోగ్యంగా ఉన్నాడని తెలిసి నిరాశపడిన భార్యను నేను. ఏదో ఒక జబ్బుంటే బావుండేదనిపించింది, దాని మీద కోపం పెట్టుకోవచ్చు. ఆ సాయంత్రమే సరిత తీర్పు మీద ఒక ఉపన్యాసానికి నోట్సు రాసుకుంటూ, 'రుజువు చేసుకునే భారం' అన్న మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. మూడేళ్లుగా మా పడకగదిలో నడుస్తున్న దావాలో వాది ఎవరో తెలిసింది.

రెండూ సమానమని నేననడం లేదు. నా కోపం వెనక కోర్టు లేదు, పెద్దమనుషుల పంచాయితీ లేదు, బలం లేదు. నేను అడిగితే అతనికి కలిగింది ఇబ్బంది. తారాబాయికి కలిగింది ఇబ్బంది కాదు. చౌదరి చెప్పిన తేడా చిన్నది కాదు, దాన్ని చెరిపేసి 'అందరం ఒకటే' అనడం నాకిష్టం లేదు. కానీ 'నువ్వు నాకు బాకీ' అనే భాష మాత్రం నాకు బాగానే వచ్చునని తెలిసింది. ఎవరూ నేర్పకుండానే.

అప్పటినుంచి మేం చేస్తున్నది పెద్దదేమీ కాదు. వద్దన్నవాళ్లను ఎందుకని అడగకూడదు. ఎన్నాళ్లయిందో లెక్క చెప్పకూడదు. అడగడం మాత్రం మానెయ్యకూడదు. ఇది నేను పట్టుబట్టి పెట్టించిన షరతు, ఎందుకంటే ఏ మాటా అనుకోకుండా హాల్లోకి మంచాలు జరుపుకున్న కాపురాలు మా రెండు కుటుంబాల్లోనూ ఉన్నాయి. ముట్టుకోవడం దేనికీ పీఠిక కానక్కర్లేదని నేర్చుకోవడానికి ఇద్దరికీ చాన్నాళ్లు పట్టింది. దీనివల్ల తూకం సరిపోయిందా అంటే, లేదు. కొన్ని రాత్రులు నాకు ఏడుపొస్తుంది. కొన్నాళ్లు రెండో గదిలో పడుకున్నాను, అలకతో కాదు, నిద్ర కోసం. ఎప్పుడైనా అతనే దగ్గరికి వస్తే, జాలితో వచ్చాడేమోనన్న అనుమానం నాకు ఇంకా పోలేదు. ఈ మధ్య ఒకసారి నేనే వద్దన్నాను. ఎందుకని అతను అడగలేదు. పదమూడేళ్లలో మొదటిసారి ఏ తలనొప్పీ తోడు లేకుండా అన్న వద్దు అది.

అవ్వ మాట అతనికి చెప్పాను. నవ్వాడు. ఆ తర్వాత ఒక శనివారం రాత్రి, నేను దగ్గరికి జరిగితే, "ఇవాళ ఒక్కపొద్దు" అన్నాడు సరదాగా.

"అలా కాదు, మామూలుగా చెప్పు" అన్నాను.

"వద్దు."

సరేనన్నాను. అనడానికి కొంచెంసేపు పట్టింది.